కరపత్రంలో కర్ణుడి పేరు

(ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి ఆలయ మహాభారత ఉత్సవాల సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం, చిత్తూరు)

సభాధ్యక్షుల వారికి, ఉత్సవ కమిటీ పెద్దలకు, ఒక్కో రోజు ఖర్చు భరించే ఉభయదారులకు, భజన మండలి సభ్యులకు, ఇంత ఎండలోనూ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లులకు నమస్కారం. వేదిక మీద ఆసీనులైన పెద్దల పేర్లన్నీ నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ తలా ఒకసారి చదివారు కనుక నేను నాలుగోసారి చదవను. అందుకు అధ్యక్షుల వారు నన్ను మన్నించాలి. అలా మిగిలిన సమయాన్ని, ఇంతవరకూ ఎవరూ పేరెత్తని కొందరి కోసం వాడుకుంటాను.

నాకు ఇచ్చిన అంశం మహాభారత వైశిష్ట్యం. వచ్చే నెలలో హరికథ చెప్పే భాగవతార్ గారు పద్దెనిమిది మధ్యాహ్నాలు అదే విషయాన్ని పద్యంతోనూ పాటతోనూ మనకు చెప్పబోతున్నారు. ఆయన చెప్పేదాన్ని నేను ముందుగా పావుగంటలో అరగదీయడం మర్యాద కాదు. అందువల్ల నాటకాలు ఆడే మన భారతం మిట్ట మీద జరగబోయే కార్యక్రమాల గురించి, వాటిని జరిపించే మనుషుల గురించి, ఆ మనుషుల సంగతి మన కరపత్రంలో అచ్చవుతున్న తీరు గురించి మాట్లాడతాను.

ఈ ఊరికి కొత్తగా కాపురం వచ్చినవారు కూడా సభలో ఉన్నారు కనుక ముందుగా ఉత్సవ క్రమం చెబుతాను. ధ్వజారోహణం అయిన రోజు నుంచి మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం సాగుతాయి. కొన్ని ఊళ్లలో మొదటి కొన్ని రోజులు హరికథ మాత్రమే నడిచి నాటకాలు ఆ తర్వాత మొదలవుతాయి. బకాసుర వధ నాడు భీముడు బండెడు తిండితో వీధుల వెంట ఊరేగుతాడు. ద్రౌపదీ కల్యాణం, వస్త్రాపహరణం, కీచక వధ, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యుడి యుద్ధం ఒక్కొక్కటీ ఒక్కో రాత్రి. అర్జునుడి తపస్సు నాడు మిట్ట మీద ఎత్తయిన మాను నాటుతారు. అర్జున వేషధారి మెట్టు మెట్టుకూ పద్యమో పాటో అందుకుంటూ పైకి వెళ్లి, అక్కడి నుంచి విభూతి, నిమ్మకాయలు, పండ్లు విసురుతాడు. సంతానం కోరి ఉపవాసమున్న ఆడవాళ్లు తడి చీరలతో మాను కింద కాచుకుని ఉంటారు. కర్ణ మోక్షం తెల్లవారే దాకా నడుస్తుంది. చివరిరోజు పొద్దున మట్టితో చేసి రంగులు వేసిన దుర్యోధనుడి నిలువెత్తు బొమ్మ వెల్లకిలా పడుకుని ఉండగా, దాని చుట్టూనే భీముడూ దుర్యోధనుడూ తలపడతారు. తొడ పగిలిన తర్వాత ద్రౌపది జడ ముడి వేసుకుంటుంది. ఆ సాయంత్రం కంకణం కట్టుకున్న వాళ్లంతా అగ్నిగుండం తొక్కుతారు.

ఇదంతా ఒక్క గుడి పూజారి వల్లో, ఒక్క కమిటీ వల్లో జరిగే పని కాదు. హరికథకుడు, ఆయన పక్కన మృదంగం, హార్మోనియం వాయించేవారు, రాత్రి నాటకానికి వచ్చే సమాజం, అందులోని గురువు, వేషధారులు, హాస్యగాడు, తెర పట్టే ఇద్దరు, వేషాల పెట్టెలు మోసేవారు కలిస్తేనే ఒక రాత్రి గడుస్తుంది. కార్యదర్శి గారు ఇందాక నా చేతికిచ్చిన ఈ ఏటి కరపత్రం ప్రూఫులో ఈ వరసలోని ఏ ఒక్కరి పేరూ లేదు. ప్రతి తేదీ కిందా 'రాత్రి 10 గంటలకు నాటకం' అని ఉంది. దాని కింద ఆ రోజు ఉభయదారుల పేర్లు ఫోటోలతో సహా ఉన్నాయి. మైకు సెట్టు వారి పేరు, షామియానా వారి పేరు, మజ్జిగ వితరణ చేసేవారి పేరు ఉన్నాయి. అన్నిటికీ అడుగున, అచ్చు వేసిన ప్రెస్సు పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఇవేవీ ఉండకూడదని నేను అనను. డబ్బు పెట్టినవారి పేరు వేయడం న్యాయమే. గొంతు పెట్టినవారి పేరు ఎందుకు వేయలేదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు ఈరోజు పుట్టింది కాదు. మన చుట్టుపక్కల ఊళ్లలో కర్ణ వేషానికి పేరుపడిన ఒక పెద్దాయన ఉండేవారు. ఇక్కడ ఉన్నవారిలో నడివయసు దాటిన వాళ్లందరూ ఆయన గొంతు విన్నవారే. నేను బడిలో చదువుకునే రోజుల్లో వేషాల గది తడిక సందులోంచి ఆయన తయారవడం చూశాను. అద్దం ముక్కలు పొదిగిన చెక్క భుజకీర్తులు కట్టుకునే ముందు, పాత పంచె చింపిన పేలికలను మడతలు పెట్టి భుజాల మీద పరుచుకునేవారు. తెల్లవార్లూ ఎగిరితే చెక్క అంచు ఒరుసుకుని చర్మం లేచిపోతుందని అందుకట. ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూసుకున్నాక ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఎవరైనా పలకరిస్తే చేత్తో సైగ చేసేవారు. రథం కుంగిపోయిన ఘట్టం వచ్చేసరికి ముందు వరుసలో నిద్రపోతున్న పిల్లలను తల్లులు లేపి కూర్చోబెట్టేవారు.

ఆయనకు వయసు మీరి, మోకాళ్లు పట్టేసి, వేషం మానుకున్న తర్వాత వృద్ధ కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెట్టించాలని నేనూ మరొకరూ పూనుకున్నాం. సంబంధిత కార్యాలయంలో గుమాస్తా, ఇన్నేళ్లు నాటకాలు ఆడినట్టు ఆధారం చూపమన్నాడు. అతని తప్పేమీ లేదు, అతనికి కావలసింది కాగితం. పెద్దాయన ఇంట్లో వేషాల పెట్టె అడుగున ఆయన భార్య దాచిపెట్టిన కరపత్రాల కట్ట ఉంది. పసుపుపచ్చవి, గులాబీ రంగువి, మడతల దగ్గర చిరిగినవి, చెమ్మకు ఒకదానికొకటి అతుక్కున్నవి ఒక్కొక్కటే విడదీసి వసారాలో పరిచాము. పలమనేరు వైపువి, పుంగనూరు వైపువి, పుత్తూరు వైపువి, పూతలపట్టు వైపువి ఎన్నో ఉన్నాయి. ప్రతిదానిలోనూ కర్ణ మోక్షం ఉంది. ఏ ఒక్కదానిలోనూ కర్ణుడు ఎవరో లేదు. సమాజం పేరు కూడా లేదు. మేము చదువుతూ ఉంటే ఆయన విని విని నవ్వి, "మజ్జిగ పోసినాయప్ప పేరుండాది, మైకాయప్ప పేరుండాది, తెల్లవార్లూ అరిచినోడి పేరు మాత్రం యాడా లేదు గదా సార్" అన్నారు. నేను పంతులుగా ఎందరి తప్పులో దిద్దాను. ఆ మాటకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు.

చివరికి ఆధారం ఎక్కడ దొరికిందో వినండి. కట్టలో మూడు అరవ నోటీసులున్నాయి. సరిహద్దు అవతల, గుడియాత్తం దగ్గరి పల్లెలవి. వాటిలో నాటక సమాజం పేరు, గురువు పేరు, ముఖ్య వేషధారుల పేర్లు వరసగా ఉన్నాయి. కర్ణుడి ఎదురుగా మన పెద్దాయన పేరు, ఊరి పేరుతో సహా లావు అక్షరాల్లో ఉంది. 1911లో ఏర్పడిన మన జిల్లా మొదటినుంచీ రెండు భాషల జిల్లా. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. గీత అటు జరిగినా ఇటు జరిగినా మన సమాజాలు ఇప్పటికీ ఆ ఊళ్లలో ఆడుతున్నాయి, ఆ సమాజాలు మన మిట్టల మీద ఆడుతున్నాయి. అరవ ఊళ్లో తెలుగు కర్ణుడికి దక్కిన అచ్చు, తెలుగు ఊళ్లో దక్కలేదు. ఆ నోటీసులను తెలుగులో రాసి, దాని మీద అధికారి సంతకం చేయించి ఇవ్వవలసి వచ్చింది. పింఛను మంజూరైంది. మన ఊరి కాగితం వల్ల మాత్రం కాదు.

అయ్యా, కమిటీ పెద్దలను నేను నిందించడం లేదు. ఇందులో చాలామంది నా శిష్యులే కనుక నిందించినా పడతారు, అది వేరే సంగతి. మీరు చెప్పే కారణాలు నాకు తెలుసు. కరపత్రంలో చోటు చాలదంటారు. ఉభయదారుల ఫోటోలకు గుడి ముందర ఫ్లెక్సీలు ఎలాగూ కడుతున్నాం కదా, కాగితం మీద పేరు మాత్రం వేస్తే చోటు అదే మిగులుతుంది. సమాజం చివరి నిమిషంలో మారుతుందంటారు. తాంబూలం ఇచ్చి, అడ్వాన్సు ఇచ్చి, రాత్రులు ఖాయం చేసుకున్న తర్వాతే కదా మనం ప్రెస్సుకు వెళుతున్నాం. ఎప్పుడో ఒకసారి ఒక వేషధారికి జ్వరం వస్తే మరొకరు కట్టుకుంటారు, ఆ మార్పు మైకులో చెబితే సరిపోతుంది. ఇంకొకాయన నాతో, ఇది దైవకార్యం కదా, ఇందులో వేషగాడి పేరు ఎందుకు అన్నారు. దైవకార్యంలో ఉభయదారుడి పేరుకు రాని మైల వేషధారి పేరుకు ఎందుకు వస్తుందో ఆయనే చెప్పాలి.

ఇక్కడ తిరుపతి గంగజాతరను ఉదాహరణగా చెప్పేవారున్నారు. వైశాఖంలో తాతయ్యగుంట గంగమ్మకు జరిగే ఆ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొక వేషం కట్టి వేలాది మంది వీధుల్లోకి వస్తారు. వాళ్లెవరి పేరూ ఎక్కడా అచ్చు కాదు, కానక్కరలేదు కూడా. అక్కడ వేషం మొక్కు. కట్టినవాడు మర్నాడు పొద్దున తన అంగడికో ఆఫీసుకో వెళ్లిపోతాడు. భారతంలో వేషం బతుకుతెరువు. గురువు దగ్గర ఏళ్ల తరబడి దెబ్బలు తిని నేర్చుకుని, వేసవి నాలుగు నెలల సంపాదనతో ఏడాది గడుపుకునేవాడికి ఒక ఊళ్లో పేరు అచ్చయితే మరో ఊరు పిలుస్తుంది. రెంటినీ ఒక గాటన కట్టడం సరికాదు.

రాసి పెట్టడం వల్ల ఏమవుతుందో మన తిరుమల కొండమీదే సాక్ష్యం ఉంది. తాళ్లపాకవారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి భద్రపరిచారు. ఒక్కొక్క సంకీర్తనకూ రాగం పేరు కూడా చెక్కించారు. అన్నమాచార్యులు పదహారో ఏట సంకీర్తనలు మొదలుపెట్టిన సంవత్సరాన్నీ, 1503లో దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించడాన్నీ రేకు మీద రాయించి పెట్టారు కనుకనే, ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా తిథి తప్పకుండా ఆయన వర్ధంతి జరుపుకోగలుగుతున్నాం. మన కరపత్రం రాగిరేకు కాదు, నాలుగు రోజులకు బజ్జీల పొట్లమయ్యే కాగితమే. అయినా వేషధారి ఇంట్లో పెట్టె అడుగున అది నలభై ఏళ్లు నిలుస్తుందని నా కళ్లతో చూశాను.

చిత్తూరు పేరును మోసినవారి సంగతీ ఒక మాట చెప్పాలి. గుంటూరు సీమలో పుట్టిన నాగయ్య గారు ఇక్కడి శ్రీరామ విలాస సభ నాటకాలతో పైకి వచ్చి చిత్తూరు నాగయ్య అయ్యారు. కాంచీపురం నాయన పిళ్లె గారి శిష్యులైన సుబ్రహ్మణ్య పిళ్లె గారు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లెగానే 1954లో సంగీత కళానిధి అందుకున్నారు. మొదటాయన పేరున ఊళ్లో కళాక్షేత్రం కూడా వెలసింది. సభ కళాకారుడికి పేరు దక్కింది, మిట్ట కళాకారుడికి దక్కలేదు. ఈ తేడా కళలో ఉన్నది కాదు, మన లెక్కలో ఉన్నది.

ఇంకొక విషయం, సమయం గురించి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మైకు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు అర్ధరాత్రి దాకా మినహాయింపు ఇవ్వడానికి ప్రభుత్వానికి అధికారం ఉంది, అదీ ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా. అనుమతి సంగతి కమిటీ చూసుకుంటుంది. నాటకం ఆడేవారి సంగతి ఆలోచించండి. మైకు ఉండేదే పరిమిత సమయం, అందులో శాలువాలకు గంటన్నర పోతోంది. పోయిన ఏడాది ద్రౌపది వేషం కట్టుకున్న కుర్రవాడు ముఖాన రంగు కారిపోతుండగా తెర వెనుక నిలబడి, సన్మానాలు ఎప్పుడు అయిపోతాయా అని చూస్తూ ఉండటం మీలో కొందరైనా గమనించి ఉంటారు. శాలువాలు హరికథ అయిన వెంటనే సాయంత్రమే కప్పేయండి. తెర ఎనిమిదిన్నరకు పట్టించండి. మొదటి శాలువా నాకే కప్పాలని ఎవరైనా అనుకుని ఉంటే, దాన్ని హార్మోనియం వాయించే ఆయనకు కప్పండి.

ప్రూఫు రేపు సాయంత్రం దాకా మన చేతిలోనే ఉంటుందని కార్యదర్శి గారు చెప్పారు. నాటక సమాజం గురువు గారు ఈ సభలోనే, ఆ వేపచెట్టు పక్కన కూర్చుని ఉన్నారు. అయ్యా, మీరు ముందుకు రావాలి. ప్రతి రాత్రికీ ఏ కథ, ముఖ్య వేషాలు ఎవరెవరివి, వాద్యాల మీద ఎవరు, వారి ఊళ్లేమిటి అన్నది మీరు చెబితే మా బడి పిల్లలు రాసుకుంటారు. పేర్లు అక్షరం తప్పు లేకుండా మీకే చదివి వినిపిస్తారు. సమాజంలో ఆడపిల్లలు కూడా వేషం కడుతున్నారని విన్నాను. వారిలో ఎవరికైనా పేరు అచ్చు కావడం ఇష్టం లేకపోతే ఆ మాట మన్నించాలి, వారిని అడిగిన తర్వాతే వేయాలి. భాగవతార్ గారి పక్క వాద్యాలవారి పేర్లు కూడా మరిచిపోవద్దు. అచ్చయ్యాక సమాజంలో తలా రెండు ప్రతులు ఇచ్చి, ఒకటి గుడి బీరువాలో, ఒకటి గ్రంథాలయంలో పెట్టించండి. అదనపు కాగితానికి ఎంత అవుతుందో ప్రెస్సు వారిని నిన్ననే అడిగాను. అది నా ఉభయంగా రాసుకోండి, ఫోటో అక్కరలేదు. గురువు గారికి కుర్చీ వేయండి, పేర్లు రాయడం ఇప్పుడే మొదలుపెడదాం.