రిసెప్షన్‌లో ఆటలు, పాటలు: ఏవి పెట్టాలి, ఎన్నింటికి పెట్టాలి

నమస్తే అండీ. రిసెప్షన్‌కి ఆర్కెస్ట్రా మాట్లాడాలా, యాంకర్ని పెట్టాలా, ఆటలు ఏం ఆడించాలి? ఈ వీడియోలో అదే చూద్దాం. ఎవరికైనా అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక కాగితం తీసుకోండి, చిన్న లెక్క ఉంది.

ఆరొందల మందిని పిలిచారనుకుందాం. స్టేజీ ఎక్కేది కుటుంబాలుగా కదా, నలుగురు చొప్పున వేసుకుంటే 150 గుంపులు. ఎక్కడం, అక్షింతలు వేయడం, చదివింపుల కవరు ఇవ్వడం, ఫొటో, దిగడం. ఎంత త్వరగా కానిచ్చినా గుంపుకి 45 సెకన్లు పడుతుంది. మొత్తం కలిపితే గంటా యాభై రెండు నిమిషాలు. జంట ఏడున్నరకి స్టేజీ మీదికొస్తే లైను తెగేసరికి 9:20 దాటుతుంది.

మిగతా ప్లాన్ అంతా ఈ లెక్క మీదే నడవాలి. లైను నడుస్తున్నంతసేపూ స్టేజీ మీద ఏ ఆటా పెట్టకండి. ఎనిమిదింటికి లైను ఆపి పది నిమిషాలు జంటతో ఆట ఆడించారంటే పదమూడు కుటుంబాలు మెట్ల దగ్గర నిలబడిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన కవరు ఎవరి చేతిలోనో పెట్టి భోజనానికి వెళ్లిపోతాడు. ఆయన అంత దూరం వచ్చింది పిల్లల్ని చూసి దీవించడానికి. ఆ అవకాశం పోనివ్వకూడదు.

అందుకే సాయంత్రాన్ని రెండుగా విడదీయండి. లైను ఉన్నంతసేపు కుర్చీల్లో కూర్చుని వినేవి, ఆడేవి. లైను తెగాక స్టేజీ మీద ఆడేవి. అప్పటికి మిగిలేది దగ్గరి చుట్టాలు, స్నేహితులు. వందమంది ఉంటే చాలు, ఆట రక్తి కడుతుంది.

మొదటి భాగానికి వేణువు, వయొలిన్, కీబోర్డ్, తబలా ఉన్న చిన్న బృందం సరిపోతుంది. వాళ్లని స్టేజీ పక్కన విడిగా కూర్చోబెట్టండి. పాడేవాళ్లు లేకపోయినా లోటేం ఉండదు, చాలాకాలానికి కలిసిన బంధువులు కబుర్లు చెప్పుకుంటారు కాబట్టి. సౌండ్ ఎంత ఉండాలంటే, పక్క కుర్చీలో మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలగాలి. ఇది చెడిపోయేది స్పీకర్లు పెట్టే చోటులో. ముందు వైపు రెండే పెద్ద స్పీకర్లు పెడితే వెనక వరసకి వినపడాలని సౌండ్ పెంచుతారు. ఆ దెబ్బంతా ముందు వరసలో కూర్చున్న అమ్మమ్మలకి, తాతయ్యలకి తగులుతుంది. హాలు మధ్యలో ఇంకో రెండు చిన్న స్పీకర్లు పెట్టించి మొత్తం సౌండ్ తగ్గించమనండి. భోజనాల వైపు ఏ స్పీకరూ తిప్పొద్దు.

ఇక కుర్చీల్లో ఆట అంటే నా ఓటు తంబోలాకే. లైన్లో నిలబడినవాళ్లు కూడా ఆడొచ్చు, ఎవరూ లేవక్కర్లేదు.

(తెర మీద: తంబోలా టికెట్, దగ్గరగా)

టికెట్‌లో మూడు వరసలు, తొమ్మిది నిలువు గడులు. వరసకి ఐదు చొప్పున పదిహేను అంకెలు. పిలిచేది 1 నుంచి 90 వరకు, పిలిచిన నంబరు టికెట్‌లో ఉంటే కొట్టేయాలి. 200 టికెట్లు పంచితే ఫుల్ హౌస్, అంటే పదిహేనూ కొట్టేయడం, సుమారుగా 65వ నంబరు అటూ ఇటూగా పడుతుంది. నంబరుకి పది సెకన్లు, బహుమతి అడిగినవాళ్ల టికెట్ చూడడానికి కొంత సమయం, అన్నీ కలిపి పావుగంట, ఇరవై నిమిషాలు. ఎనిమిదింబావుకి మొదలుపెట్టండి, కుర్చీలు బాగా నిండేది అప్పుడే.

ఇందులో తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. పెన్నులు: పెళ్లికి పెన్ను తెచ్చుకునేవాళ్లు తక్కువ. టికెట్‌తోపాటు పొట్టి పెన్సిల్ ఇవ్వండి. అంకెలు: మైకులో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి, డెబ్భై, తొంభై కూడా అంతే. అందుకని "అరవై రెండు, సిక్స్ టూ" అని రెండు రకాలుగా చెప్పించండి, తెర ఉంటే దాని మీద కూడా వేయించండి. గొడవలు: తర్వాతి నంబరు పిలవకముందే చెయ్యెత్తాలి, ఆ తర్వాత చెల్లదు అని మొదట్లోనే చెప్పించండి. జల్దీ ఫైవ్ (అందరికంటే ముందు ఏవైనా ఐదు కొట్టేయడం), మూడు లైన్లు, ఫుల్ హౌస్ కలిపి ఐదు బహుమతులు చాలు. ఒకే నంబరుకి ఇద్దరికి పడడం మామూలే కాబట్టి అవే వస్తువులు మరో మూడు పక్కన పెట్టుకోండి. టికెట్‌కి డబ్బులు మాత్రం తీసుకోవద్దు.

ఇంకో జాగ్రత్త వంటవాళ్ల కోసం. "ఆట అయ్యాక భోజనాలు" అని యాంకర్ నోటి నుంచి రాకూడదు. వస్తే 200 మంది ఒక్కసారిగా లేచి ప్లేట్ల దగ్గర బారు తీరతారు, వేడి పదార్థాలు అందించడం కుదరదు. భోజనాలు ఏడున్నర నుంచే మొదలైపోవాలి. ఆట దారిన ఆట నడవాలి.

తొమ్మిదిన్నర నుంచి స్టేజీ. మన పెళ్లిళ్లలో ఉన్న ఆటే ముందు పెట్టండి, బిందెలో ఉంగరం తీయడం. చూసేవాళ్లకి నియమాలు చెప్పే పనే ఉండదు, మూడుసార్లలో ఎవరికి ఎక్కువసార్లు దొరికితే వాళ్లదే గెలుపు. రిసెప్షన్‌కి కొన్ని మార్పులు చేయాలి. పసుపు నీళ్లు వద్దు, పట్టు మీద, లెహంగా మీద పడితే మరక వదలదు. మామూలు నీళ్లలో గులాబీ రేకులు చల్లితే ఉంగరం కనబడదు. నీళ్లు సగానికే పోయండి, రెండు చేతులు దిగగానే మట్టం పైకొస్తుంది. గాజులు వేసుకున్న చెయ్యి, ఇంకో చెయ్యి కలిపి పట్టే మూతి ఉన్న బిందె కావాలి. ముందురోజే ఇంట్లో ఎవరిచేతనైనా చేతులు పెట్టించి చూడండి. బిందె కింద వెడల్పాటి పళ్లెం తప్పనిసరి, ఎందుకంటే స్టేజీ కార్పెట్ కింద లైట్ల వైర్లు ఉంటాయి. నిశ్చితార్థం ఉంగరం మాత్రం వేయకండి, నీళ్లు పారబోసేటప్పుడు రేకులతోపాటే పోతుంది. వెండి ఉంగరం చాలు.

తర్వాత వరసల ఆట. పెళ్లికూతురికి అబ్బాయి తరఫు పెద్దల ఫొటో, పెళ్లికొడుక్కి అమ్మాయి తరఫు ఫొటో చూపించాలి. పేరు, తనకి ఏ వరసో చెప్పాలి: మేనత్త, పినమామ, బావగారు అలా. ఒక్కొక్కరికి ఐదు ఫొటోలు మించొద్దు. ఎదురుగా కూర్చున్నవాళ్లవే ఎంచుకోండి, జంట తడబడితే వాళ్లే చెయ్యి ఊపి ఆదుకుంటారు. హాజరుకాని బంధువు ఫొటో వేసి, అమ్మాయి గుర్తుపట్టకపోతే మాట రెండిళ్లకీ పాకుతుంది.

జంట వీపు వీపు ఆనించి కూర్చుని, "ముందు అలిగేది ఎవరు" లాంటి ప్రశ్నలకి జవాబుగా ఆ మనిషి చెప్పు ఎత్తి చూపించే ఆట ఇప్పుడు చాలాచోట్ల ఆడిస్తున్నారు. స్టేజీ మీద పెద్దల ఎదుట చెప్పులెత్తడం మన ఇళ్లలో కొందరికి నచ్చదు. పేర్లు రాసిన అట్టలు ఇస్తే ఆట అదే, ఇబ్బంది ఉండదు. పది ప్రశ్నలు చాలు, అవి ముందే జంటకి చూపించి ఒప్పించండి. జీతం, ఒళ్లు, రంగు, పాత పరిచయాలు, పిల్లలెప్పుడు అనేవి యాంకర్ కాగితంలో ఉంటే నిర్మొహమాటంగా కొట్టేయండి. ఆ క్షణంలో అమ్మాయి ముఖం వాడిపోతే వీడియోలో అదే మిగిలిపోతుంది.

అంత్యాక్షరి పెడితే అమ్మాయివాళ్లు, అబ్బాయివాళ్లు రెండు జట్లు. పల్లవి మాత్రమే పాడాలి, ఆలోచనకి పది సెకన్లు. ణ వస్తే న, ళ వస్తే ల, సున్నతో ముగిస్తే మ అని ముందే ఒప్పందం చేసుకోండి. లేకపోతే మూడో పాటకే వాదన మొదలవుతుంది.

చివరగా రెండు చట్టాలు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. మూసి ఉన్న బాంక్వెట్ హాల్లో, కమ్యూనిటీ హాల్లో లోపలి వరకు మినహాయింపు ఉంది. కాబట్టి లాన్‌లో రిసెప్షన్ అయితే డీజే డాన్స్ తొమ్మిదిన్నర తర్వాత పెట్టుకోవడం డబ్బు దండగ. స్టేజీ ఆటల్లో ఒకటి మానేసి డాన్స్ ముందుకు జరపండి, లేదా జంటని ఏడింటికే స్టేజీ ఎక్కించండి. ఇక పాటల లైసెన్స్ కట్టమని ఎవరైనా అడిగితే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) చూపించండి. పెళ్లికి, పెళ్లికి సంబంధించిన వేడుకలకి పాటలు వేసుకోవడం ఉల్లంఘన కాదని అందులో ఉంది.

యాంకర్‌కి ఈ టైములన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. అదే కాగితం ఫొటోగ్రాఫర్‌కి, సౌండ్ అబ్బాయికి, వంటమేస్త్రికి కూడా ఇవ్వండి. కార్డ్‌లెస్ మైకులు రెండు, వాటికి కొత్త బ్యాటరీలు అదనంగా రెండు జతలు.