ముప్పై అయిదు దాటినవాళ్ళకూ పని కావాలి

(ఒక మండల మహిళా సమాఖ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సమాఖ్య అధ్యక్షురాలికి, గ్రామ సంఘాల అక్కచెల్లెళ్ళకు, బ్యాంకు మేనేజరు గారికి, హెడ్మాస్టరు గారికి, కుట్టు యూనిట్ నడిపే అన్నలకు నమస్కారం.

ఉపాధి అనగానే మన నోట డిగ్రీ అయిన పిల్లల మాటే వస్తుంది. బోరు ఎండి సేద్యం మానుకున్న నలభై ఏళ్ళ రైతు ఎక్కడికి పోవాలి? గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడు? భర్త పోయి ఇల్లంతా నెత్తిన పడ్డ చెల్లె? 2014లో పల్లె యువతకు పని నేర్పి ఉద్యోగం ఇప్పించడానికి కేంద్రం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన తెచ్చినప్పుడు మగవాళ్ళకు 35 ఏళ్ళు, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు హద్దు పెట్టారు. ఆ వయసు దాటితే మనిషికి పని అక్కర్లేకుండా పోతుందా? పిల్లల ఫీజులు మీద పడేది అప్పుడే కదా!

దారి లేక కాదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే గారు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పల్లెవాళ్ళకు స్వయం ఉపాధి పనులు నేర్పే రుడ్‌సెటి అనే సంస్థ పెట్టారు. ఆ నమూనాతోనే జిల్లాల్లో ఆర్‌సెటీలు, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు వచ్చాయి. స్థలం రాష్ట్రానిది, భవనానికి డబ్బు కేంద్రానిది, నడిపే బాధ్యత బ్యాంకుది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. నాకు అన్నిటికన్నా నచ్చేది, నేర్పి పంపేశాక కూడా రెండేళ్ళు వెనక నిలబడి చూసుకోవాలన్న నియమం. చాలామంది పని వదిలేసేది సర్టిఫికెట్ చేతికొచ్చిన తర్వాతి నెలల్లోనే.

కలిసి చేస్తే ఏమవుతుందో మన తెలంగాణలోనే చూశాం. 2024లో సర్కారు బడుల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. ఆర్డరు బడిది, చేతులు సంఘానివి. కానీ చొక్కా కుట్టడం ఇంట్లో జాకెట్ కుట్టినట్టు కాదు. కాలరు రెండు కొసలూ సమానంగా రావాలి, కాజాలు వరసలో పడాలి, అంచుల్లో దారాలు ఊడకుండా ఓవర్‌లాక్ మిషన్ కొట్టాలి. ఆ మిషన్ ఒక్కొక్కరూ కొనుక్కోలేరు. అందుకే నేర్పేవాళ్ళు, అప్పిచ్చేవాళ్ళు, పని ఇచ్చేవాళ్ళు ఒకే గదిలో కూర్చోవాలి. ఏ మిషన్ మీద ఎంతమంది కావాలో యూనిట్ అన్నలు ముందు చెబితే, దాన్నిబట్టి బ్యాచ్ వేయొచ్చు. ఎవరికీ అక్కర్లేని పని నేర్పి, మా శిక్షణ పూర్తయిందని లెక్క చూపించడం నేర్చుకున్నవాళ్ళకు అన్యాయం.

చదువు సంగతి కూడా ఇందులోదే. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద, ఖర్చు తయారీ యూనిట్‌కు పది లక్షలు, సేవల యూనిట్‌కు అయిదు లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఆరులో బడి మానేసిన అక్క, చేతిలో ఎంత పనితనం ఉన్నా, అక్కడ ఆగిపోతుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయడానికి పై వయసు హద్దు లేదు. హెడ్మాస్టరు గారూ, సాయంత్రం రెండు గదులు తెరిచి ఉంచితే ఆ అక్కలు వచ్చి కూర్చుంటారు. సారు ఒక్క మాట చెబితే ఇంట్లో మామగారు కూడా కాదనరు.

ఇంకో సంగతి. పెద్దవాళ్ళకు శిక్షణ అంటే అన్ని రోజుల కూలి పోయినట్టే. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు బ్యాచ్ పెడితే ఎవరూ రారు. చంటిపిల్లలున్న తల్లులకు గ్రామ సంఘం భవనంలో పిల్లల్ని చూసుకునే మనిషి కావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బ్యాచ్ నిండేదీ నిండనిదీ దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మేనేజరు గారిని ఒక్కటి అడుగుతున్నాను. శిక్షణ ఆఖరి రోజు మీ ఫీల్డాఫీసరును అక్కడికే పంపండి. దరఖాస్తులు అక్కడే నింపుకుందాం, ఏ కాగితం తక్కువైందో అక్కడే తేలుతుంది. అక్కలారా, మీ ఊళ్ళో ముప్పై అయిదు దాటి పని వెతుకుతున్న ఆడ, మగ అందరి పేర్లూ, వాళ్ళకు ఏ పని వచ్చో కూడా రాసి పంపండి. పత్తి ఏరుడు మొదలయ్యేలోపు మొదటి బ్యాచ్ పంపిద్దాం.