పెళ్ళి చైనాలో, చదివింపులు పెనాంగ్ నుంచి

విదేశాల్లో ఉన్న చైనావాళ్ళందరినీ ఒకే గాటన కట్టేసి, వాళ్ళకి చరిత్ర అంతా ఒకేలా గుర్తుంటుందన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చైనాని ఏలిన చివరి రాజవంశం చింగ్‌ని దించేసిన 1911 విప్లవాన్నే తీసుకోండి. దాన్ని ఒక పెళ్ళి అనుకోండి. పెళ్ళి చైనాలో. చదివింపులు మాత్రం ఎక్కడెక్కడి నుంచో!

ఆ విప్లవ నాయకుడు సన్ యట్-సెన్ తన మొదటి విప్లవ సంఘం పెట్టిందే హవాయిలోని హొనలులులో, 1894లో. 1910 నవంబర్‌లో, ఇప్పటి మలేషియాలో ఉన్న పెనాంగ్‌లో కూర్చుని, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌ఝౌలో చేయబోయే తిరుగుబాటుకి చందాలు అడిగాడు. కెనడాలోని విక్టోరియాలో ఒక చైనీయుల సంఘమైతే సొంత బిల్డింగే తాకట్టు పెట్టేసింది. 1911 ఏప్రిల్‌లో ఆ తిరుగుబాటు విఫలమైంది. చనిపోయినవాళ్ళలో ఆగ్నేయాసియా నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. గ్వాంగ్‌ఝౌలో వాళ్ళ సమాధి దగ్గర 72 రాళ్ళు పేర్చిన స్మారకం ఉంది. రాళ్ళ మీద ఏమున్నాయో తెలుసా? సన్ పార్టీ కుమింటాంగ్‌కి విదేశాల్లో ఉన్న శాఖల పేర్లు! చదివింపుల పుస్తకాన్ని రాతి మీదికి ఎక్కించేశారు.

చివరికి అదే ఏడాది అక్టోబర్ 10న చైనాలోని వూచాంగ్‌లో తిరుగుబాటు మొదలై ముహూర్తం కుదిరేసరికి మన పెళ్ళిపెద్ద సన్ ఎక్కడున్నాడు? అమెరికాలో, డెన్వర్‌లో. సంగతి పేపర్ చూసి తెలుసుకున్నాడు పాపం.

చదివింపులు ఇచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ "మేం లేకపోతే ఆ పెళ్ళి అయ్యేదా" అంటారు కదా, ఇక్కడా అంతే. పెనాంగ్‌లో సన్ బృందం మకాం పెట్టిన ఆర్మీనియన్ స్ట్రీట్ 120వ నంబర్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. సింగపూర్‌లో వాన్ చింగ్ యువాన్ బంగ్లా కూడా అంతే, అక్కడ డబ్బు పెట్టిన స్థానిక వ్యాపారులకీ పెద్దపీటే. మరి ఇవ్వనివాళ్ళో? ఆ రోజుల్లో పెద్ద పెద్ద షావుకార్లు చాలామంది దూరంగానే ఉన్నారు. కొందరు చక్రవర్తినే నిలబెట్టాలన్న కాంగ్ యూవెయ్ పక్షం. 1899లో కెనడాలో మొదలైన ఆయన సంఘానికి బోలెడు ఊళ్ళలో శాఖలుండేవి. ఇప్పుడు తలిచేదెవరు? నాకైతే ఈ మరుపే ఎక్కువ ఆసక్తి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 1949లో ఇంట్లో వాటాలు పడ్డాయి: బీజింగ్‌లో కమ్యూనిస్టులు, తైవాన్‌లోని తైపీలో కుమింటాంగ్. పెళ్ళి ఫోటో మాత్రం ఇద్దరికీ కావాలి. తైపీ సన్‌ని జాతిపిత అంటుంది, బీజింగ్ విప్లవానికి ఆద్యుడంటుంది. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో బీజింగ్ పండగ అక్టోబర్ 1కి ఒక జెండా, తైపీ పండగ 10కి ఇంకో జెండా. సింగపూర్, పెనాంగ్‌లలో ఈ జెండాల గొడవ కన్నా "ఇది మా ఊరి చరిత్ర" అనే మాటే గట్టిగా వినిపిస్తుంది.

ఇక 1966-76 మధ్య మావో నడిపిన సాంస్కృతిక విప్లవాన్ని అనుభవించి, ఆ తర్వాత వలస వెళ్ళినవాళ్ళ సంగతి పూర్తిగా వేరు. వాళ్ళు గుర్తుచేసుకునేది ఇచ్చిన చందాల్ని కాదు, పోగొట్టుకున్న చదువుల్ని, మనుషుల్ని. దాన్ని ఈ వీడియోలో ఇరికించలేను, ఇంకోటి చేస్తా.