పేజీ నడపడం నేర్చుకోవాలి

సభకు నమస్కారం.

కామిక్స్ కోర్సులో చేరుతున్నానని చెప్పినప్పటి నుంచి ఒకటే మాట వింటున్నాను. "బొమ్మలు బాగానే వేస్తావు కదమ్మా, ఇప్పుడు బడి ఎందుకు? బాపుగారు చదివింది లా కదా?" అని. ప్రేమతోనే అడుగుతున్నారు, కాబట్టి వివరంగానే చెప్తాను.

బాపుగారు చదివింది లానే. కానీ ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. పత్రిక అంటే గడువు ఉంటుంది, సంపాదకుడు ఉంటాడు. పక్కన ముళ్లపూడి వెంకటరమణగారి లాంటి రచయిత స్నేహం. అదే ఆయనకు బడి అని నా నమ్మకం. చందమామ సంగతి చూడండి. విక్రముడి భుజాన బేతాళుణ్ణి వేసిన శంకర్‌గారు మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివారు. మన కశింకోట వడ్డాది పాపయ్యగారు తండ్రి దగ్గర కుంచె పట్టారు. ఇద్దరికీ పని ఇచ్చింది 1947లో పుట్టిన ఆ పత్రికే. ఇప్పుడది లేదు. ఇంట్లో వేసుకుని ఫోన్లో పెట్టే మాలాంటి వాళ్లకు లైకులు వస్తాయి గానీ, "ఆ మూడో ప్యానెల్ (పేజీలోని బొమ్మ గడి) తీసెయ్" అనేవాళ్లు లేరు.

బొమ్మ వేయడం వేరు, పేజీ నడపడం వేరు. ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే జరిగే చేపల వేలం తీసుకోండి. బోట్లు, ఐసు, బుట్టలు, బేరమాడే ఆడవాళ్లు. ఒకే బొమ్మగా వేస్తే కన్నులపండువ. అదే వేలాన్ని ఆరు ప్యానెళ్లలో చెప్పాలంటే లెక్క మారిపోతుంది. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందు వేలం పాట పాడే మనిషి ఎడమవైపు ఉండాలి. లేదంటే జవాబు ముందు, పాట తరువాత చదువుతారు. పాట ఎంత దగ్గర ఆగిందో పేజీ తిప్పాకే తెలియాలంటే ఆ ప్యానెల్ ఎడమ పేజీలో పైన పడాలి. దానికోసం వెనకటి పేజీలన్నీ ముందే లెక్కేసుకోవాలి. రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీలో క్షణం గడిచిందా, రాత్రంతా గడిచిందా అన్నదీ తేలిపోవాలి. ఇవేవీ వేసిన మనిషికి కనబడవు. కథ మనకు ముందే తెలుసు, కాబట్టి మన కన్ను తప్పు లేకుండా చదివేస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు పక్కన కూర్చుని ఎక్కడ ఆగిపోయారో చూపించాలి. నేను వెళ్తున్నది ముఖ్యంగా అందుకే.

అమెరికాలో కామిక్స్ చిత్రకారుడు జో క్యూబర్ట్ 1976లోనే కామిక్స్ కోసం బడి పెట్టారు. జపాన్‌లో క్యోటో సైకా విశ్వవిద్యాలయం 2006లో మాంగాకు, అంటే జపాన్ కామిక్స్‌కు, ప్రత్యేక ఫ్యాకల్టీయే తెరిచింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలోనూ కామిక్స్‌కు పూర్తి డిగ్రీ చూడాలని నాకు గట్టి కోరిక.

అయితే ఒక విద్య ఆ కోర్సులో దొరకదు, బుడగల్లో తెలుగు అక్షరం రాయడం. ఇంగ్లీషు కామిక్స్‌లో ఎక్కువగా పెద్దక్షరాలే, అన్నీ ఒకే ఎత్తు. మనకు పైన గుడులు, కింద వత్తులు. 'స్త్రీ' అని రాసి చూడండి, ఎంత ఎత్తు కావాలో. వరసలు ఎడంగా పెడితే మాటల బుడగ పెరుగుతుంది, బొమ్మకు చోటు తగ్గుతుంది. "వెళ్లిపోతున్నారనుకున్నాను" అన్న మాట సన్న బుడగలో పట్టదు. తెలుగు పేజీకి కొలతలు మొదటి గీత నుంచే వేరు.

ఆ కొలతలు చేతిలో ఉన్నది మన ఊళ్లో బోర్డులు రాసే ఆర్టిస్టులకు. ఫ్లెక్సీలు వచ్చి వాళ్ల పని తగ్గించాయి గానీ విద్య ఎక్కడికీ పోలేదు. క్లాసులు మొదలయ్యేలోగా వాళ్ల దగ్గర కూర్చుని అక్షరం నేర్చుకోవాలి. ఈ హాల్లో అలాంటివారుంటే సభ అయ్యాక దయచేసి వెళ్లిపోకండి. బ్రష్షులు, కాగితం తెచ్చుకునే వచ్చాను.