చెన్ వారి వాగుకు తిరిగొచ్చిన పెద్దాయన

అందరికీ నమస్కారం.

పొద్దున్నే పార్కులో నన్ను చూసి "నీళ్లలో నడుస్తున్నట్టు ఏంటండీ అది?" అని అడిగినవాళ్లు కొందరు ఇక్కడే కూర్చున్నారు. అది తాయ్‌చీ, నెమ్మదిగా కదులుతూ చేసే చైనా సాము విద్య. ఎలా చేయాలో చివర్లో చేయిస్తాను. ముందు ఒక పెద్దాయన గురించి చెప్పాలి. పేరు చెన్ జావోపీ. ఆయన లేకపోతే నేను నేర్చుకున్న శాఖ పుట్టిన ఊళ్లోనే ఆరిపోయేదేమో.

చైనాలో హెనాన్ రాష్ట్రం, వెన్ జిల్లా. ఎల్లో నదికి ఉత్తరాన చెన్‌జియాగౌ అనే ఊరుంది. తెలుగులో చెప్పుకుంటే 'చెన్ వారి వాగు'. పేరు వింటే మన పక్క మండలంలో ఊరిలా లేదూ! 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌టింగ్ అనే సైనికుడు ఈ విద్యకు రూపం ఇచ్చాడని ఆ ఇంటివాళ్లు చెబుతారు. తర్వాత తరతరాలుగా అది ఇంటి విద్య. 19వ శతాబ్దంలో యాంగ్ లుచాన్ అనే బయటి ఊరి మనిషి అక్కడ నేర్చుకుని బీజింగ్‌లో నేర్పాడు. ఈ రోజు పార్కుల్లో కనిపించే మెత్తటి తాయ్‌చీలో ఎక్కువ భాగం ఆయన ఇంటి శాఖే.

చెన్ వాళ్లది అంత మెత్తన కాదు. వాళ్ల కదలికల వరసలో మొదట్లోనే ఒకటి వస్తుంది. దాని పేరు 'వజ్రధారి రోకలి దంచడం'. వజ్రధారి అంటే బౌద్ధ ఆలయాల గుమ్మం దగ్గర నిలబడే కాపలా దేవుడు. కుడి పిడికిలి పైకి లేస్తుంది, దాంతోపాటు కుడి మోకాలూ లేస్తుంది. అప్పటిదాకా వెన్నలా సాగిన మనిషి ఒక్కసారిగా బరువంతా వదిలేస్తాడు. పాదం ధన్ మని నేలమీద, పిడికిలి బొడ్డుకెదురుగా ఉన్న ఎడమ అరచేతిలో, రెండూ ఒకేసారి పడతాయి. రోలూ రోకలీ ఎరిగిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

జావోపీ పుట్టింది 1893లో, ఇంటి లెక్కలో 18వ తరం. ఆ ప్రాంతం మందు దుంపలకూ వేళ్లకూ పేరు. ఆ మందుల వ్యాపారుల ద్వారానే 1928లో బీజింగ్ చేరాడు. అక్కడ వేదిక ఎక్కి, వచ్చినవాళ్లందరితో 17 రోజులు తలపడ్డాడని చెబుతారు. పదిహేడో ఏడో గానీ, సాము గరిడీ గురువుల కథలు ఏ దేశంలోనైనా కొంచెం పెరుగుతాయి. పేరు మాత్రం గట్టిగానే వచ్చింది. 1930లో అప్పటి రాజధాని నాన్‌జింగ్ నుంచి, వచ్చి నేర్పమని పిలుపొచ్చింది. బీజింగ్ శిష్యులు 'మిమ్మల్ని వదలం' అంటే, తన బదులు బాబాయి చెన్ ఫాకేను ఊరి నుంచి రప్పించాడు. బాబాయి అంటే వయసులో ఆరేళ్లే పెద్ద. ఫాకే బీజింగ్‌లోనే ఉండిపోయి, 1957లో అక్కడే కన్నుమూశాడు. ఒక ఉద్యోగం సర్దుబాటు కోసం చేసిన పని వల్ల చెన్ శాఖ బీజింగ్‌లో వేళ్లూనుకుంది.

తర్వాత యుద్ధం. నాన్‌జింగ్ జపాన్ చేతిలో పడింది. జావోపీ కొన్నాళ్లకు ఎల్లో నది పనులు చూసే ప్రభుత్వ సంస్థలో కుదురుకున్నాడు. 1958లో, 65 ఏళ్ల వయసులో రిటైరై ఊరికొచ్చాడు. నాకు ఈయన మీద గౌరవం మొదలయ్యేది ఇక్కడినుంచే.

ఊళ్లో తర్వాతి తరమంటూ తయారు కాలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1956లో ప్రభుత్వం యాంగ్ శాఖ నుంచి 24 కదలికల చిన్న వరస తయారు చేయించింది. దేశమంతా తాయ్‌చీ చేస్తోంది, తాయ్‌చీ పుట్టిన వాగులో మాత్రం చేసేవాళ్లు కరువయ్యారు. పెన్షన్ తీసుకుని అరుగు మీద కూర్చోవలసిన మనిషి, తన ఇంటి వాకిట్లో కుర్రాళ్లకు నేర్పడం మొదలుపెట్టాడు. వెంటనే మూడేళ్ల ఘోరమైన కరువు. కడుపుకి లేని రోజుల్లో పిల్లల్ని మోకాళ్లు వంచి నిలబడమంటే ఎవరు నిలబడతారు? అయినా కొందరు నిలబడ్డారు.

1966లో సాంస్కృతిక విప్లవం వచ్చింది. పాత విద్యలన్నీ తప్పయిపోయాయి. పెద్దాయన్ని నలుగురిలో నిలబెట్టి అవమానించారు. అయినా రాత్రిళ్లు తలుపులు వేసుకుని సాధన సాగిందని శిష్యులు తర్వాత చెప్పుకున్నారు. ధన్ మనే ఆ పాదం చప్పుడు పక్కింటికి వినపడకుండా ఎలా చేశారా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఆయన 1972 డిసెంబరులో పోయాడు. అప్పటికి తయారైన వాళ్లలో నలుగురి పేర్లు ఈ రోజు తాయ్‌చీ లోకమంతా తెలుసు: చెన్ షియావ్‌వాంగ్, చెన్ జెంగ్‌లెయ్, వాంగ్ షీఆన్, జు టియాన్‌సాయ్. వీళ్లను 'నలుగురు వజ్రధారులు' అంటారు, రోకలి దంచే ఆ వజ్రధారి పేరే. నలుగురిలో ఇద్దరి ఇంటిపేరు చెన్ కాదు, గమనించండి. పెద్దాయన పోయాక వీళ్లకు మిగతాది నేర్పడానికి బీజింగ్ నుంచి ఫాకే కొడుకు జావోకుయ్ వచ్చాడు. 1930లో బీజింగ్‌కు పంపిన విద్యలో ఒక పాయ, 40 ఏళ్ల తర్వాత అలా ఊరికి తిరిగొచ్చింది. ఫాకే మనవడు షియావ్‌వాంగ్ 1990లో ఆస్ట్రేలియా వెళ్లి, అక్కడినుంచి దేశదేశాలు తిరుగుతూ నేర్పాడు.

సరే, ఇక లేవండి. కుర్చీలు కాస్త వెనక్కి జరపండి. హిందూపురంలో పట్టుగూళ్ల నుంచి దారం తీయడం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గట్టిగా లాగితే తెగుతుంది, ఆగి ఆగి లాగితే చిక్కు పడుతుంది. చెన్ వాళ్లు ఈ చేతి తిప్పుడును 'పట్టుదారం చుట్టడం' అనే అంటారు. కుడి చేయి ముఖం ముందు నుంచి పక్కకి, కిందికి, మళ్లీ బొడ్డు దగ్గరికి. చేయి తిప్పకండి, నడుము తిప్పండి, చేయి దాని వెంటే వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లోతుగా కూర్చోవద్దు. వీడియో చూసి ఆ హుషారు చేసి నేను రెండు నెలలు మెట్లు ఎక్కలేకపోయాను. ఆ వెనక వరసలో సార్, భుజం వదులు చేయండి. ఆఁ, అలా. ఇప్పుడు ఊపిరి బిగపట్టకుండా ఇంకోసారి.