స్టోర్ రూములో ఉన్నది ఎక్కడికి పోతోంది?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీలకు, స్టోర్స్ సార్‌కి, ముందు వరుసలో బలవంతంగా కూర్చోబెట్టిన ఫస్టియర్ పిల్లలకు కూడా.

ఈ-వేస్ట్, అంటే పాడైన ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త మీద మాట్లాడమన్నారు. ఇలాంటి మీటింగుల్లో మామూలుగా ఒక పోస్టర్ పోటీ, ఒక ప్రతిజ్ఞ, ఆకుపచ్చ డబ్బా ముందు గ్రూప్ ఫొటో ఉంటాయి. కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ టీమ్ వస్తుందంటే ఇక చెప్పక్కర్లేదు, ఈ-వేస్ట్‌ను ఏం చేస్తున్నారని వాళ్లు అడుగుతారు కాబట్టి ఎవరో ఒక ఏజెన్సీతో ఒప్పందం (ఎంఓయూ) రాసుకుని ఫైల్లో పెడతాం, ఆ ఫైలును మళ్లీ టీమ్ వచ్చేదాకా ముట్టుకోం. హన్మకొండ నుంచి కరీంనగర్ దాకా ఏ కాలేజీకి వెళ్లినా దాదాపు ఇదే కథ. అందుకే ఇవాళ డబ్బాల సంగతి పక్కనపెట్టి స్టాక్ రిజిస్టర్ గురించి మాట్లాడతాను. అసలు ముడి అక్కడుంది.

బయట పాడైన టీవీని పాత సామాన్లాయనకు ఇచ్చేస్తే పని అయిపోతుంది. కాలేజీలో అలా కుదరదు. పాడైన కంప్యూటర్ కూడా రిజిస్టర్‌లో ఎక్కిన ఆస్తే. తీసేయాలంటే కమిటీ వేయాలి, వాళ్లు చూసి కండెమ్, అంటే ఇక పనికిరాదని రాయాలి, విలువ కట్టాలి, ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పాలి. ఈ టెన్షన్ ఎవరికి కావాలి? అందుకని ల్యాబ్ ఇన్‌చార్జి పాత సిస్టమ్‌లను మెట్ల కింద గదిలో పేర్పించి తాళం వేస్తాడు, కొన్నేళ్లకు బదిలీ అయ్యో రిటైరయ్యో వెళ్లిపోతాడు, తర్వాత వచ్చినాయన "అవి నేను రాకముందువి" అంటాడు. మరి కొన్నాళ్లకు కొత్త కోర్సు వస్తుంది, ఏఐ ల్యాబుకు గది కావాలి. అప్పుడు హడావుడిగా మూడు కొటేషన్లు తెప్పించి ఎక్కువ రేటు రాసినాయనకు లాట్ మొత్తం ఎత్తించేస్తారు. కాలేజీకి నాలుగు డబ్బులు వచ్చాయని అకౌంట్స్ వాళ్లకు సంతోషం.

నా అనుమానం ఆ రేటు మీదే. ఒకాయన అందరికంటే ఎక్కువ ఇస్తున్నాడంటే ఎక్కడ మిగుల్చుకుంటున్నాడు?

ఈ సామాన్లలో డబ్బు వచ్చే భాగాలున్నాయి, డబ్బు పోయే భాగాలున్నాయి. రాగి, అల్యూమినియం, ఇనుము, బోర్డులు – వీటికి రేటుంది. సీసం ఉన్న గాజు, మంట అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలిపిన ప్లాస్టిక్, పాదరసం ఉన్న ట్యూబులైటు, బ్యాటరీలోని యాసిడ్ – వీటికి రేటు లేదు సరికదా, సరిగ్గా వదిలించుకోవాలంటే ఎదురు ఖర్చు. లైసెన్స్ ఉన్న రీసైక్లర్ ఆ ఖర్చు లెక్కేసుకుని రేటు చెబుతాడు. లేనాయనకు ఆ ఖర్చే లేదు, అందుకే ఆయన రేటు ఎక్కువ. ఎక్కువ రేటుకు అమ్మాలని మనం రూల్ పెట్టుకున్నామంటే, చెత్తను సరిగ్గా పారేయనివాడికే ఇవ్వాలని రూల్ పెట్టుకున్నట్టే.

ఉదాహరణకు పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్. ఇప్పటికీ స్టోర్ రూముల్లో పావురాల రెట్టలతో ఉన్నాయి. తుక్కు దుకాణంలో దాన్ని ఎలా విప్పుతారంటే, ముందు వెనక డొప్ప పగలగొడతారు, తర్వాత ట్యూబు సన్నటి మెడను సుత్తితో కొడతారు, బుస్సుమని గాలి లోపలికి పోతుంది, ఎందుకంటే అప్పటిదాకా లోపల శూన్యం. మెడ చుట్టూ ఉన్న రాగి చుట్టను చేత్తోనే లాగేసుకుంటారు. వాళ్లకు కావాల్సింది అదే. మిగిలిన గాజు గరాటు ఎవరికీ అక్కర్లేదు, అందులో కిలోకు పైగా సీసం ఉండొచ్చు, ముందు అద్దం లోపలివైపు తెల్లటి పొడి పూత ఉంటుంది, పగిలినప్పుడు అది లేచి విప్పే పిల్లాడి ముక్కులోకి పోతుంది. గాజు ఏ చెరువు కట్ట కిందో, ఖాళీ ప్లాటులోనో, కాదంటే మున్సిపాలిటీ బండెక్కి రాంపూర్ డంప్ యార్డుకో చేరుతుంది. కేబుళ్లను కాల్చి రాగి తీయడం సంగతి మీకు తెలిసిందే, ఆ నల్ల పొగలో డయాక్సిన్లనే విష రసాయనాలుంటాయి. ఆ పని చేసేవాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు, వాళ్లది పొట్టకూటి పని. వాళ్ల చేతికి అందించింది కాలేజీ, అదీ సంతకం పెట్టి మరీ.

చట్టం చాలా స్పష్టంగానే ఉంది. 2022 ఈ-వేస్ట్ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ జాబితాలో 106 రకాల పరికరాలున్నాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా అలాంటివి కనీసం వెయ్యి వాడిన సంస్థ బల్క్ కన్స్యూమర్ (భారీ వినియోగదారు) కిందికి వస్తుంది. మనకు వర్తించదులే అనుకోకండి. ల్యాబులు, ప్రింటర్లు, ఏసీలు, హాస్టల్ ఫ్రిజ్‌లు, ట్యూబులైట్లు కలిపితే ఓ మోస్తరు ఇంజినీరింగ్ కాలేజీ వెయ్యి దాటడం ఎంతసేపు. బల్క్ కన్స్యూమర్ తన ఈ-వేస్ట్‌ను రిజిస్టర్ అయిన తయారీదారుకో, పాతవి బాగుచేసి మళ్లీ వాడుకలోకి తెచ్చే రిఫర్బిషర్‌కో, రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. యూపీఎస్ బ్యాటరీలకు వేరే నియమాలున్నాయి, అవీ 2022లోవే.

చిక్కేమిటంటే రీసైక్లర్లు ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నారు, ఇరవై మానిటర్ల కోసం ఎవడూ వరంగల్ దాకా బండి పంపడు. దీనికి నాకు తోచిన దారి ఒకటే – హన్మకొండ, కాజీపేట, హసన్‌పర్తి, నర్సంపేట వైపు కాలేజీలు నాలుగైదు కలిసి ఏడాదికి ఒక తేదీ పెట్టుకోవడం. అందరివీ కలిస్తే డీసీఎం లారీ నిండుతుంది, రవాణా ఖర్చు పంచుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు. బండి మన గేటు దాటకముందే బరువు తూచి, రిజిస్ట్రేషన్ నంబరున్న రసీదు తీసుకుని, రిజిస్టర్‌లో "కండెమ్" అన్న మాట పక్కన ఇంకో గడి గీసి ఎవరికి ఇచ్చామో రాయాలి. స్టోర్స్ సార్, ఆ గడి గీయడానికి గవర్నింగ్ బాడీ తీర్మానం అక్కర్లేదనుకుంటా.

ఇదంతా చెత్త అయ్యాక సంగతి. అసలు అంత త్వరగా చెత్త ఎందుకవుతోంది? మన ఎండ కూడా ఒక కారణం, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లలో, మానిటర్ బోర్డుల్లో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అనే చిన్న డబ్బాలాంటి భాగం పది డిగ్రీల వేడి ఎక్కువైతే సుమారు సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా అంతే, 25 డిగ్రీల దగ్గర ఉండాల్సినదాన్ని మే నెలలో కిటికీ లేని గదిలో పెట్టి ఐదేళ్లు రాలేదేమని కంపెనీని తిడతాం. యూపీఎస్ గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి, అది మీ ఈ-వేస్ట్ పోస్టర్లన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వాళ్లూ, "డెడ్" అని చీటీ అంటించిన మానిటర్ విప్పి చూడండి (ప్లగ్ తీసి, కాసేపు ఆగి, సార్ పక్కనుండగా, పిక్చర్ ట్యూబువాటి జోలికి మాత్రం పోకండి). తల ఉబ్బిన కెపాసిటర్ చాలాసార్లు కంటికే కనబడుతుంది. పది ఇరవై రూపాయల భాగం మారిస్తే తెర వెలుగుతుంది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. పాత ప్రాసెసర్లున్న సిస్టమ్‌లు విండోస్ 11కి పనికిరావని పక్కన పెట్టేస్తున్నారు. సి, పైథాన్ ల్యాబుకు వాటిలో లైనక్స్ వేస్తే, పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఒక ఎస్‌ఎస్‌డీ కలిపితే ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదు.

తీసేసే సిస్టమ్ అయితే హార్డ్ డిస్క్ సంగతి చూశాకే బయటికి పంపాలి. ఎగ్జామ్ బ్రాంచ్ డిస్క్‌లో మీ మార్కులు, ఆధార్ స్కాన్లు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఉంటాయి. క్విక్ ఫార్మాట్ కొడితే అవి పోవు. డిస్క్ అంతటా పాత డేటా మీద వేరే డేటా రాయాలి, పాడై తిరగని డిస్క్ అయితే డ్రిల్లింగ్ మెషిన్‌తో రంధ్రాలు చేసేయండి.

హాస్టల్ వాళ్లకు ఒక మాట. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చకండి, డస్ట్‌బిన్‌లో వేయకండి, చెత్త బండిలో నలిగితే బండే అంటుకుంటుంది. వార్డెన్ దగ్గర ఇసుక బకెట్ పెట్టిస్తాం, అందులో పెట్టండి.

యూట్యూబ్ చూసి బోర్డుల్లోంచి యాసిడ్‌తో బంగారం తీద్దామనుకునే వీరులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ దేశమంతా కలిసి 62 లక్షల ఫోన్లతో సహా 79 వేల టన్నుల దాకా పాత పరికరాలు పోగేస్తే వచ్చిన బంగారం 32 కిలోలు. మీ బకెట్‌లో వచ్చేది ఊపిరితిత్తులను కాల్చే పొగ.

చివరగా, పాత సిస్టమ్‌లు ఊళ్లో బడులకు దానం ఇద్దామని ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు అడుగుతున్నారు. ఇవ్వండి, కాకపోతే పనిచేసేవే ఇవ్వాలి. చచ్చినవి పంపి ఫొటో దిగితే మన చెత్త వాళ్ల బడిలో పడేసినట్టే, వాళ్లకు స్టోర్ రూము కూడా ఉండదు. ఇచ్చేటప్పుడే హెడ్మాస్టర్ గారికి ఒక కాగితం రాసివ్వండి, పాడైనప్పుడు ఫోన్ చేస్తే మా బండే వచ్చి తీసుకెళ్తుందని, కింద కాలేజీ ముద్ర వేసి.