పెద్దాసుపత్రికి డబ్బు ఎప్పుడు చేరుతోంది?

అందరికీ నమస్కారం.

పేదలు వెళ్లే ఆసుపత్రుల గురించి మాట రాగానే బడ్జెట్ ఎంత అని అడుగుతాం. అడగాల్సిందే. ప్రజారోగ్యంపై ప్రభుత్వాల ఖర్చును 2025 కల్లా జీడీపీలో 2.5 శాతానికి పెంచాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకుంది. అది అందలేదు. అయితే దానితోపాటు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఇచ్చిన డబ్బు ఏ నెలలో, ఏ పద్దు కింద వస్తోంది? దాన్ని ఖర్చుపెట్టే అధికారం ఎవరికి ఉంది?

ఆక్సిజన్ ప్లాంటునే తీసుకోండి. 2021లో జిల్లా ఆసుపత్రుల్లో వీటిని పెద్ద ఎత్తున పెట్టారు. గాలిలోని నైట్రోజన్‌ను జియోలైట్ గుళికలు పట్టేసుకుంటే, మిగిలేది సుమారు 93 శాతం ఆక్సిజన్. కంప్రెసర్ పంపే గాలిలో తేమ గానీ నూనె గానీ కలిస్తే ఆ గుళికలు పాడైపోతాయి. ఫిల్టర్లను వేళకు మారిస్తే అది చిన్న ఖర్చు. మార్చకుండా వదిలేస్తే జియోలైట్ మొత్తం మార్చాలి, అది మోయలేని ఖర్చు. ప్లాంటు కొన్నది పెట్టుబడి పద్దులో. ఫిల్టర్లు, కరెంటు, ఆపరేటర్ జీతం ఏటా రావాల్సిన నిర్వహణ పద్దులో. మొదటిది మంజూరైనంత తేలిగ్గా రెండోది మంజూరు కాదు. యంత్రాలు మూలపడేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి టెండరులోనే వారంటీ తర్వాతి అయిదేళ్ల నిర్వహణ ధరను కూడా కోట్ చేయించి, యంత్రం ధరతో కలిపి పోల్చాలి. ఆ మొత్తాన్ని ఆసుపత్రి బడ్జెట్‌లో ముందే కేటాయించాలి.

ఇక క్లెయిముల సంగతి. ఆరోగ్యశ్రీ 2007లో, ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ 2018లో మొదలయ్యాయి. ప్రభుత్వ ఆసుపత్రులూ తాము చేసిన వైద్యానికి వీటి కింద డబ్బు క్లెయిము చేసుకోవచ్చు. కానీ ఎలాగూ వైద్యం ఉచితమేగా అని అడ్మిషన్ దగ్గర కార్డు చూడరు. కార్డు చూడకపోతే ముందస్తు అనుమతి ఉండదు. డిశ్చార్జి రోజున ఆపరేషన్ నోట్స్, స్కాన్ ఆన్‌లైన్‌లో ఎక్కించకపోతే క్వెరీ, అంటే వివరణ అడిగే ప్రశ్న, పడుతుంది. దానికి జవాబిచ్చే మనిషి లేకపోతే క్లెయిము తిరస్కరిస్తారు. ఒక్క డేటా ఎంట్రీ ఉద్యోగి జీతం మిగుల్చుకుని అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకోవడం ఏం పొదుపు?

అలాగని క్లెయిములతోనే ఆసుపత్రిని నడుపుకోమనడం అన్యాయం. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలు ఇన్‌పేషెంట్లకే. పొద్దున్నే ఓపీ వరుసలో నిలబడే బీపీ, షుగరు రోగులకు క్లెయిము ఉండదు. వాళ్ల మందులు, పరీక్షలు బడ్జెట్ నుంచే రావాలి.

మందుల విషయంలో తమిళనాడు దారి చూసి నేర్చుకోదగ్గది. అక్కడి వైద్య సేవల సంస్థ 1994లో ఏర్పడింది. మందుల్లో ఎక్కువ భాగం అదే కొంటుంది, పరీక్ష చేయించాకే పంపిణీ చేస్తుంది. ప్రతి ఆసుపత్రికి ఇంత విలువ అని ఒక పాస్‌బుక్ ఉంటుంది. తమకు కావలసిన మందులను ఆ విలువ మేరకు జిల్లా గోదాము నుంచి తెచ్చుకుంటారు. కొనుగోలు ఒకచోట, ఎంపిక ఆసుపత్రిలో.

మీలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యులెవరైనా ఉంటే వచ్చే సమావేశంలో పెండింగ్ క్వెరీల జాబితా అడగండి. ఏ యంత్రం నిర్వహణ ఒప్పందం ఏ తేదీన ముగుస్తోందో రాయించండి. మార్చి 31న మురిగిపోబోయే పద్దులేవో డిసెంబరులోనే అడగండి. అప్పుడైతే టెండరు పిలవడానికి ఇంకా సమయం ఉంటుంది.